జూల్స్ దెజెరీన్

జోసెఫ్ జూల్స్ దెజెరీన్ (ఆగష్టు 3, 1849 - ఫిబ్రవరి 26, 1917) సుప్రసిద్ధ ఫ్రెంచి నాడీ వైద్యుడు, మెదడు నిర్మాణ శాస్త్రజ్ఞుడు. మనిషి అక్షరాలను ఏ విధంగా గుర్తిస్తాడు, చదివే శక్తికి మెదడులోని ఏ భాగాలు ఆధారం అనే ప్రశ్నలకు శవపరీక్షల ఆధారంతో సమాధానం వెదకిన తొలి శాస్త్రజ్ఞులలో ఈయన అగ్రగణ్యుడు. కంటిచూపు ఉండి, మాట్లాడగలిగి, వ్రాయగలిగి కూడా ఒక్క పదమైనా చదువలేకపోయిన ఒక రోగిని ఈయన నాలుగు సంవత్సరాలకు పైగా పరిశీలించాడు. 1892లో ప్రకటించిన ఆ రోగి వృత్తాంతం నాడీశాస్త్ర చరిత్రలో ఒక మైలురాయిగా నిలిచిపోయింది. చూడటం, చదవటం, వ్రాయటం అనేవి ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నప్పటికీ మెదడులో వేర్వేరు మార్గాలపై ఆధారపడతాయని, వాటిలో ఒకటి చెడినా మరొకటి నిలిచి ఉండవచ్చునని ఈ పరిశోధన తెలియజేసింది.

బాల్యం, విద్యాభ్యాసం

దెజెరీన్ 1849లో స్విట్జర్లాండులోని జెనీవా నగరానికి ఆనుకొని ఉన్న ప్లేన్‌పాలేలో జన్మించాడు. తల్లిదండ్రులు ఫ్రాన్సులోని సవాయ్ ప్రాంతం నుండి వచ్చినవారు. తండ్రి గుర్రపుబండ్లు అద్దెకిచ్చే వ్యాపారం చేసేవాడు. ప్రాథమిక విద్య జెనీవాలోని కాల్విన్ విద్యాలయంలో జరిగింది. 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య యుద్ధం వచ్చినపుడు జెనీవాలోని ఒక ఆసుపత్రిలో స్వచ్ఛందంగా సేవ చేశాడు.

1871 వసంతకాలంలో వైద్యవిద్య కొరకు పారిస్ నగరం చేరుకున్నాడు. జెనీవా వైద్యుడు జాన్ లూయీ ప్రెవో ఇచ్చిన పరిచయ లేఖ ఈయనను ఆల్‌ఫ్రెడ్ వుల్పియాన్ అనే ప్రముఖ ఆచార్యుని వద్దకు చేర్చింది. రోగి బ్రతికి ఉన్నంతకాలం లక్షణాలను జాగ్రత్తగా వ్రాసిపెట్టుకొని, మరణానంతరం నాడీమండలాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షించి, ఈ రెంటినీ పోల్చటం వుల్పియాన్ పద్ధతి. దెజెరీన్ జీవితాంతం ఈ పద్ధతినే అనుసరించాడు. 1879లో వైద్యశాస్త్రంలో డాక్టరు పట్టం పొందాడు. పారిస్ వైద్య విద్యాలయంలో 1886లో సహాయ ఆచార్య హోదా లభించింది. 1887లో వృద్ధులు, దీర్ఘరోగులు ఉండే బిసెట్ర్ ఆసుపత్రిలో ఒక విభాగానికి అధిపతి అయ్యాడు. 1895లో సాల్పెట్రియేర్ ఆసుపత్రికి మారాడు.

వివాహం

1888లో దెజెరీన్ అగస్టా క్లుంప్కేను వివాహమాడాడు. ఆమె 1859లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో జన్మించింది. ఆ రోజులలో పారిస్ ఆసుపత్రులలో ఇంటర్న్ పదవికి జరిగే పోటీ పరీక్షకు స్త్రీలను అనుమతించటంపై తీవ్రమైన వ్యతిరేకత ఉండేది. ఆ అడ్డంకులను దాటి ఆ పదవి పొందిన తొలి మహిళలలో అగస్టా ఒకరు. భుజం వద్ద గల నాడుల అల్లిక దెబ్బతిన్నపుడు కలిగే ఒక రకం పక్షవాతాన్ని 1885లోనే, అంటే వివాహానికి ముందే, ఆమె వర్ణించింది. అది నేటికీ క్లుంప్కే పక్షవాతం అనే పేరుతో వైద్య గ్రంథాలలో ఉన్నది. ఆమె సోదరీమణులలో డొరోతియా ఖగోళ శాస్త్రజ్ఞురాలిగా, ఆన్నా చిత్రకారిణిగా పేరు పొందారు.

దంపతులిద్దరూ ఒకే ప్రయోగశాలలో పనిచేశారు. మెదడును పలుచని పొరలుగా కోసి, రంగులద్ది, ఒక్కొక్క నాడీతంతువు ఎక్కడ బయలుదేరి ఎక్కడికి చేరుతున్నదో గుర్తించటం వారి నిత్యకృత్యం. ఈ శ్రమ ఫలితంగా నాడీకేంద్రాల నిర్మాణంపై రెండు సంపుటాల బృహద్గ్రంథం 1895, 1901 సంవత్సరాలలో వెలువడింది. భార్య సహకారంతో రచించినట్లు గ్రంథంపైనే ప్రకటించటం గమనార్హం. వీరి కుమార్తె యివోన్ కూడా వైద్యురాలు అయినది.

ఆనాటి శాస్త్ర నేపథ్యం

దెజెరీన్ పరిశోధన ప్రాముఖ్యత తెలుసుకోవటానికి అంతకు ముందు జరిగిన పని కొంత తెలియాలి. 1861లో పాల్ బ్రోకా మాట పలకలేని ఒక రోగి మెదడును పరీక్షించి, ఎడమ అర్ధగోళం ముందు భాగంలో గాయం ఉన్నట్లు కనుగొన్నాడు. 1874లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికె, ఎదుటివారి మాట అర్థం చేసుకోలేని రోగులలో ఎడమ కణత వైపు భాగం దెబ్బతింటుందని చూపాడు. ఈ విధంగా మాటకు, వినికిడికి మెదడులో స్థానాలు దొరికాయి. కానీ చదువు సంగతి అస్పష్టంగానే ఉండిపోయింది.

1877లో అడాల్ఫ్ కుస్మావుల్ అనే జర్మన్ వైద్యుడు, చూపు ఉండి కూడా వ్రాతను చదువలేని స్థితికి పద అంధత్వం అనే పేరు పెట్టాడు. 1890లో హైన్‌రిక్ లిసావర్ వస్తువులను గుర్తించలేని ఒక రోగిని వర్ణిస్తూ, చూచి గుర్తించే పనిలో రెండు దశలు ఉంటాయని ప్రతిపాదించాడు. కంటికి కనిపించిన గీతలను, అంచులను కలిపి ఒక రూపంగా గ్రహించటం మొదటి దశ. ఆ రూపాన్ని మునుపటి జ్ఞానంతో కలిపి ఇది ఫలానా వస్తువు అని తెలుసుకోవటం రెండవ దశ. రూపం సరిగా కనిపించినా దాని అర్థం అందకపోవచ్చునని దీని భావం. అక్షరాల విషయంలో ఇటువంటిదే జరుగుతుందని చూపటానికి దెజెరీన్‌కు ఒక రోగి తారసపడ్డాడు.

చదువలేని రోగి

నాడీశాస్త్ర గ్రంథాలలో ఈ రోగి సి అనే పొడి అక్షరంతో ప్రసిద్ధుడు. ఇతడు 68 సంవత్సరాల వయసు గల విశ్రాంత వస్త్ర వ్యాపారి. విద్యావంతుడు, పుస్తకాలు విరివిగా చదివేవాడు, సంగీతం తెలిసినవాడు. 1887 అక్టోబరులో కొద్ది రోజులపాటు కుడి కాలు, కుడి చేయి తిమ్మిరెక్కటం గమనించాడు. అవి తగ్గిపోయాయి. కానీ ఒకనాడు ఉన్నట్టుండి ఒక్క పదం కూడా చదువలేకపోతున్నానని గ్రహించాడు. మనుషులను, వస్తువులను గుర్తించటంలో ఏ ఇబ్బందీ లేదు. మాట స్పష్టంగా ఉన్నది. అందువలన ఇది కంటి జబ్బు అని భావించి, ఎడ్మండ్ లాండోల్ట్ అనే నేత్ర వైద్యుని వద్దకు వెళ్ళాడు.

లాండోల్ట్ అక్షరాల పట్టిక చూపించగా రోగి ఒక్క అక్షరం పేరు కూడా చెప్పలేకపోయాడు. అయితే అక్షరాలు కనిపించటం లేదని అతడు అనలేదు. వాటి ఆకారాన్ని చక్కగా వర్ణించాడు. మొదటి అక్షరమైన ఏ ను చూచి చిత్రకారులు పటం నిలిపే చట్రంతో, జెడ్ ను చూచి పాముతో, పి ని చూచి పట్టీకి వేసే బక్కిలుతో పోల్చాడు. తనకు మతి తప్పుతున్నదేమోనని భయపడ్డాడు. లోపం కంటిలో లేదని గ్రహించిన లాండోల్ట్ అతడిని దెజెరీన్ వద్దకు పంపాడు.

ఈ స్థితిని తెలుగు పాఠకునికి ఒక ఉదాహరణతో చెప్పవచ్చును. క అనే అక్షరాన్ని చూచి పైన తలకట్టు ఉన్నది, క్రింద వంపు ఉన్నది అని చెప్పగలిగి, దానిని చూచి కాగితంపై బొమ్మ గీసినట్లు గీయగలిగి, అది క అని మాత్రం తెలియకపోవటం వంటిది ఇది.

దెజెరీన్ 1887 నవంబరులో అతడిని పరీక్షించి గమనించిన ముఖ్య విషయాలు ఇవి:

* రోగి చెప్పినది విని, స్వయంగా ఆలోచించి కూడా తప్పులు లేకుండా వ్రాయగలిగేవాడు. కళ్ళు మూసుకొని కూడా వ్రాసేవాడు. కానీ తాను వ్రాసినదానిని తానే చదువలేకపోయేవాడు.
* వ్రాస్తుండగా మధ్యలో ఆపితే ఎక్కడ ఆగాడో తిరిగి పట్టుకోలేకపోయేవాడు.
* ముందున్న వ్రాతను చూచి నకలు చేయమంటే గీత గీతనూ చూస్తూ ఎంతో కష్టంతో బొమ్మవలె దించేవాడు.
* అంకెలను గుర్తించేవాడు, లెక్కలు చేసేవాడు.
* సంగీత స్వరలిపి చదివే శక్తి పోయింది. కానీ పాట విని నేర్చుకొని పాడగలిగేవాడు.
* రోజూ చూచే పత్రికను దాని పేరు మొత్తం ఆకారాన్ని బట్టి గుర్తుపట్టేవాడు. అందులోని అక్షరాలు మాత్రం తెలిసేవి కావు.
* అక్షరం గీతల వెంట చేతిని కదిలిస్తే వెంటనే దాని పేరు చెప్పగలిగేవాడు. కంటికి తెలియని అక్షరం చేతికి తెలిసేది.
* రెండు కళ్ళలోనూ దృశ్యంలోని కుడి సగం సరిగా కనిపించేది కాదు. ఆ వైపు రంగులు తెలిసేవి కావు.

ఈ గమనికలలో చేతి కదలికకు సంబంధించినది కీలకమైనది. అక్షరజ్ఞానం పూర్తిగా నశించి ఉంటే చేతి ద్వారా కూడా అక్షరం తెలియరాదు. వ్రాయటం కూడా సాధ్యం కారాదు. కావున అక్షరాలు రోగి మెదడులో భద్రంగానే ఉన్నాయి. కంటి నుండి వాటిని చేరే దారి మాత్రమే మూసుకుపోయింది. దెజెరీన్ ఈ స్థితిని శుద్ధ పద అంధత్వం అన్నాడు. నేటి వైద్యులు దీనిని అలెక్సియా అంటారు, వ్రాత చెడలేదని తెలుపుతూ అగ్రాఫియా లేని అలెక్సియాగా పేర్కొంటారు.

తిరిగి చదవటం నేర్పటానికి చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. మిగిలిన విషయాలలో అతని జీవితం మునుపటివలె సాగింది. ఒంటరిగా వీధులలో తిరిగేవాడు, చీట్లాట ఆడేవాడు. భార్య సహాయంతో కొత్త పాటలను చెవితో విని నేర్చుకున్నాడు. చదువంటే ప్రాణమైన మనిషికి పుస్తకం తెరిస్తే గీతలు తప్ప మరేమీ కనిపించకపోవటం తీరని బాధగానే మిగిలింది.

శవపరీక్షలో తేలినది

1892 జనవరిలో రోగికి మరొకసారి మెదడులో రక్తప్రసరణకు అంతరాయం కలిగింది. ఈసారి అతడు వ్రాసే శక్తిని కూడా కోల్పోయాడు. మాటలలో ఒక పదానికి బదులు మరొక పదం దొర్లసాగింది. సుమారు పది రోజుల తరువాత మరణించాడు. దెజెరీన్ శవపరీక్ష జరిపి, అదే సంవత్సరం ఫిబ్రవరిలో పారిస్ జీవశాస్త్ర సంఘం ఎదుట ఫలితాలను ప్రకటించాడు.

మెదడులో రెండు రకాల గాయాలు కనిపించాయి. మొదటిది పాతది, కుంచించుకుపోయి పసుపురంగుకు మారినది. అది ఎడమ అర్ధగోళం వెనుక భాగంలో, చూపుకు సంబంధించిన ఆక్సిపిటల్ తమ్మెలో, దాని అడుగు మడతలలో ఉన్నది. రెండు అర్ధగోళాలను కలిపే కార్పస్ కెలోసం అనే తంతువుల వంతెన వెనుక చివర కూడా దెబ్బతిన్నది. రెండవ గాయం క్రొత్తది. అది చెవికి పైన కొంచెం వెనుకగా ఉండే యాంగ్యులర్ జైరస్ అనే మడత ప్రాంతంలో ఉన్నది. నాలుగేళ్ళ పఠనలోపానికి పాత గాయం, చివరి రోజుల వ్రాతలోపానికి క్రొత్త గాయం కారణమని దెజెరీన్ తేల్చాడు.

దీనికి ఒక సంవత్సరం ముందు, 1891లో, చదవటం, వ్రాయటం రెండూ కోల్పోయిన మరొక రోగి వృత్తాంతాన్ని ఈయన ప్రకటించి ఉన్నాడు. ఆ రోగిలో గాయం ఎడమ యాంగ్యులర్ జైరస్‌లోనే ఉన్నది. ఈ రెండు వృత్తాంతాలను ప్రక్కప్రక్కన పెట్టినపుడు వ్రాత నిలిచిన రోగికీ, వ్రాత పోయిన రోగికీ గల భేదం మెదడులోని గాయం చోటును బట్టి ఏర్పడినదని స్పష్టమయింది. సి విషయంలో ఈ రెండు స్థితులూ ఒకే మనిషిలో ఒకదాని తరువాత ఒకటిగా కనిపించటం విశేషం.

దెజెరీన్ వివరణ

దెజెరీన్ వివరణను ఈ క్రింది విధంగా సంగ్రహించవచ్చును. కుడి వైపు దృశ్యం ఎడమ అర్ధగోళానికి, ఎడమ వైపు దృశ్యం కుడి అర్ధగోళానికి చేరుతుంది. అక్షరాల రూపాల స్మృతి ఎడమ యాంగ్యులర్ జైరస్‌లో నిలువ ఉంటుంది. చదివేటపుడు రెండు అర్ధగోళాల దృష్టి కేంద్రాల నుండి సమాచారం అక్కడికి చేరాలి. సి మెదడులో ఎడమ దృష్టి కేంద్రం నేరుగా దెబ్బతిన్నది. కుడి దృష్టి కేంద్రం బాగానే ఉన్నందున అతనికి లోకం కనిపిస్తున్నది. కానీ అక్కడి నుండి ఎడమ వైపున ఉన్న అక్షర స్మృతికి వెళ్ళే తంతువులు తెగిపోయాయి. వ్రాసే పనికి అక్షర స్మృతి నుండి చేతిని కదిలించే కేంద్రానికి వెళ్ళే దారి చాలు. అది చెడలేదు కనుక వ్రాత నిలిచింది.

ఒక కేంద్రం నశించటం వలన కాక, రెండు కేంద్రాల మధ్య సంబంధం తెగటం వలన కూడా ఒక శక్తి పోవచ్చుననే ఆలోచనకు ఇది చక్కని ఉదాహరణ. పాఠశాల గ్రంథాలయంలో పుస్తకాలన్నీ క్షేమంగా ఉండి, లోపలికి వెళ్ళే ఒక తలుపు మాత్రం మూసుకుపోయినట్లు దీనిని ఊహించవచ్చును.

పియేర్ మరీతో వివాదం

దెజెరీన్ సిద్ధాంతాలను అందరూ అంగీకరించలేదు. ఆనాటి ఫ్రెంచి నాడీశాస్త్రంలో సాల్పెట్రియేర్ ఆచార్యుడు షార్కో శిష్యవర్గం బలమైనది. ఆ వర్గానికి చెందిన పియేర్ మరీకి, వుల్పియాన్ శిష్యుడైన దెజెరీన్‌కు దీర్ఘకాలం స్పర్థ కొనసాగింది. ఒక దశలో వీరి మాటల పట్టింపు ద్వంద్వయుద్ధం అంచు వరకు వెళ్ళి ఆగిపోయింది.

1906లో పియేర్ మరీ, బ్రోకా చెప్పిన మెదడు భాగానికి భాషతో ప్రత్యేక సంబంధం లేదని ప్రకటించి సంచలనం సృష్టించాడు. దీనిపై 1908 జూన్, జూలై నెలలలో పారిస్ నాడీశాస్త్ర సంఘం మూడు సమావేశాలు జరిపి చర్చించింది. దెజెరీన్ పూర్వ సిద్ధాంతాన్ని సమర్థించాడు. మాట పలుకలేని స్థితికి మరీ కారణంగా చూపిన చతుర్భుజాకార ప్రాంతంలో భాషా ప్రాంతాలకు సంబంధించిన తంతువులు కూడా ఉన్నాయని అగస్టా నిర్మాణ శాస్త్ర ఆధారాలతో వాదించింది. సమావేశాలు ముగిసినా ఏకాభిప్రాయం కుదరలేదు.

దెజెరీన్ మరణానంతరం, 1922లో, మరీ మరొక ముఖ్యమైన ప్రశ్న లేవనెత్తాడు. మనిషికి పుట్టుకతోనే సిద్ధమైన భాషా కేంద్రాలు ఉన్నాయా అన్నది ఆ ప్రశ్న. చదువు విషయంలో ఈ ప్రశ్న మరింత పదునైనది. చదవటం మానవజాతి చరిత్రలో ఇటీవల వచ్చిన విద్య. తరతరాలుగా ప్రజలలో అధికులు నిరక్షరాస్యులే. అటువంటపుడు ప్రకృతి చదువు కొరకు మెదడులో ఒక స్థానాన్ని ముందుగానే ఎట్లా కేటాయించగలదు? ఈ ప్రశ్నకు సమాధానం దొరకటానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది.

ఇతర పరిశోధనలు, రచనలు

దెజెరీన్ 1901లో వైద్యశాస్త్ర చరిత్ర ఆచార్యునిగా, 1907లో అంతర్గత వైద్యం ఆచార్యునిగా నియమితుడయ్యాడు. 1908లో ఫ్రెంచి వైద్య అకాడమీ సభ్యత్వం లభించింది. 1910లో ఫుల్జాన్స్ రేమాం మరణించిన పిమ్మట ఒకప్పుడు షార్కో అధిష్ఠించిన నాడీవ్యాధుల ఆచార్య పీఠం ఈయనను వరించింది. నాడీమండల వ్యాధుల లక్షణాలపై ఈయన రచించిన గ్రంథం 1914లో వెలువడింది. మానసిక కారణాల వలన కలిగే నాడీ రుగ్మతలకు రోగితో ఓపికగా మాట్లాడి నమ్మకం కలిగించటమే మందు అని ఈయన విశ్వసించేవాడు. ఈ విషయమై గోక్లేర్‌తో కలిసి 1911లో ఒక గ్రంథం ప్రచురించాడు.

వైద్యశాస్త్రంలో ఈయన పేరుతో ముడిపడి ఉన్న కొన్ని రుగ్మతలు:

* లాండూజీ-దెజెరీన్ వ్యాధి: ముఖం, భుజాల కండరాలు క్షీణించే వంశపారంపర్య వ్యాధి.
* దెజెరీన్-సొట్టాస్ వ్యాధి (1893): చిన్నతనంలోనే నాడులు మందమై బలహీనత కలిగించే వ్యాధి.
* దెజెరీన్-రూసీ లక్షణ సముదాయం (1906): మెదడు లోపలి థలామస్ దెబ్బతిన్నపుడు శరీరంలో ఒక ప్రక్క కలిగే తీవ్రమైన నొప్పి.

చివరి రోజులు

1914లో మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభమైనపుడు దెజెరీన్ వయసు 65 సంవత్సరాలు. సాల్పెట్రియేర్‌కు పెద్ద సంఖ్యలో వచ్చిన గాయపడిన సైనికుల చికిత్సలో నిమగ్నమయ్యాడు. అప్పటికే ఆరోగ్యం బాగులేదు. 1917 ఫిబ్రవరి 26న పారిస్‌లో మరణించాడు. ఆ తరువాత ఈయన ఆచార్య పీఠం పియేర్ మరీకే దక్కటం చరిత్రలోని ఒక విచిత్రం. 1914లోనే పారిస్ నాడీశాస్త్ర సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలైన అగస్టా, వెన్నెముకకు గాయాలైన సైనికుల సేవలో చాలాకాలం గడిపి 1927లో మరణించింది.

మరుగునపడి తిరిగి వెలుగులోకి రావటం

మొదటి ప్రపంచ యుద్ధానంతరం మెదడును కేంద్రాలుగా, దారులుగా విభజించి చూచే పద్ధతికి ఆదరణ తగ్గింది. మెదడు మొత్తంగా పనిచేస్తుందనే వాదం బలపడింది. సి వృత్తాంతం కూడా చాలా వరకు మరుగునపడింది. 1965లో అమెరికన్ నాడీ వైద్యుడు నార్మన్ గెష్‌విండ్ మెదడు భాగాల మధ్య సంబంధాలు తెగటం వలన కలిగే రుగ్మతలపై సుదీర్ఘమైన పత్రం ప్రకటించి, దెజెరీన్ పరిశీలనకు తిరిగి ప్రాణం పోశాడు. కార్పస్ కెలోసం వెనుక చివర తెగటమే ఇందులో కీలకమని ఆయన నొక్కి చెప్పాడు.

ఇటువంటి రోగులు తరువాతి కాలంలో కూడా కనిపించారు. కెనడా దేశపు అపరాధ పరిశోధక నవలా రచయిత హొవార్డ్ ఎంగెల్ 2001లో ఒక ఉదయం పత్రిక తెరిచేసరికి అందులోని అక్షరాలు ఏదో తెలియని భాషవలె కనిపించాయి. ఆయన వ్రాయగలిగేవాడు. వ్రాసినది చదువలేకపోయేవాడు. అక్షరాల ఆకారాన్ని చేతితో, నాలుకతో గీస్తూ నెమ్మదిగా చదవటం అభ్యసించి, 2005లో మరొక నవల ప్రచురించాడు. సి చేతివేలికి మిగిలిన అక్షరజ్ఞానమే ఎంగెల్‌కు ఆధారం కావటం గమనించదగినది.

నేటి అవగాహన

బ్రతికి ఉన్న మనిషి మెదడు పనిచేసే తీరును యంత్రాలతో చూడగలిగిన తరువాత దెజెరీన్ చెప్పినవాటిలో కొన్నింటిని సవరించవలసి వచ్చింది. 2000లో లారెంట్ కోహెన్, స్తానిస్లాస్ డిహేన్, వారి సహచరులు ఎడమ అర్ధగోళం అడుగున, ఫ్యూజిఫారం మడత ప్రక్కన గల ఒక చిన్న ప్రాంతం వ్రాసిన పదాలకు ప్రత్యేకంగా స్పందిస్తుందని చూపారు. దీనిని పదరూప ప్రాంతం అంటున్నారు. కావున అక్షర రూపాలను గుర్తించే పని దెజెరీన్ అనుకున్న యాంగ్యులర్ జైరస్‌లో కాక, ఈ అడుగు భాగంలో జరుగుతుందని ఇప్పుడు అనేకులు భావిస్తున్నారు. సి మెదడులోని పాత గాయం కూడా అడుగు మడతలలోనే ఉన్నది. దెజెరీన్ గాయాన్ని సరిగానే గుర్తించాడు. కానీ అక్షరాల నిలయాన్ని వేరొక చోట ఊహించి, గాయం వలన దారి మాత్రమే తెగిందని భావించాడు. దారి తెగటం, ఆ ప్రాంతం దెబ్బతినటం అనే రెంటిలో దేనివలనైనా ఇటువంటి లోపం కలుగవచ్చునని నేటి అవగాహన.

2006లో ప్రకటితమైన ఒక పరిశోధన దీనిని బలపరచింది. సాల్పెట్రియేర్‌తో కలిసి ఏర్పడిన పారిస్ ఆసుపత్రిలో మూర్ఛవ్యాధి నివారణకు ఒక రోగికి శస్త్రచికిత్స జరిగింది. అందులో పదరూప ప్రాంతానికి సమీపంలోని చిన్న భాగాన్ని తొలగించవలసి వచ్చింది. శస్త్రచికిత్సకు ముందు వేగంగా చదివిన ఆ రోగి, తరువాత ఒక్కొక్క అక్షరాన్నీ కూడబలుక్కుంటూ చదువవలసి వచ్చింది. ముఖాలను, వస్తువులను గుర్తించే శక్తి చెడలేదు.

పియేర్ మరీ అడిగిన ప్రశ్నకు కూడా ఇక్కడే ఒక సమాధానం దొరుకుతున్నది. వ్రాత పుట్టి సుమారు అయిదు వేల సంవత్సరాలే అయినది. ఇంత తక్కువ కాలంలో చదువు కొరకు మెదడులో ప్రత్యేక అవయవం ఏర్పడజాలదు. వస్తువుల అంచులను, గీతలు కలిసే మూలలను గుర్తించటానికి ఏనాటి నుండో ఉన్న ప్రాంతాన్నే చదువు తన పనికి మలచుకుంటుందని డిహేన్ సిద్ధాంతం. ప్రపంచంలోని వివిధ లిపుల అక్షరాలలో కనిపించే గీతల కలయికలు, ప్రకృతి దృశ్యాలలో వస్తువుల అంచులు కలిసే తీరును పోలి ఉన్నాయని 2006లో మార్క్ చాంగిజీ, ఆయన సహచరులు చూపారు. ఈ విధంగా చూస్తే అక్షరాలకు ఒక నియత స్థానం ఉన్నదన్న దెజెరీన్ వాదం, ఆ స్థానం పుట్టుకతో చదువు కొరకు ఏర్పడినది కాదన్న మరీ వాదం రెండూ కొంత కొంత నిజమయ్యాయి.

చదువు నేర్చిన తరువాతనే ఈ ప్రాంతం అక్షరాలకు స్పందించటం మొదలవుతుంది. 2010లో బ్రెజిల్, పోర్చుగల్ దేశాలలో అక్షరాస్యులను, నిరక్షరాస్యులను పోల్చి జరిపిన పరిశోధనలో, పెద్దవయసులో చదువు నేర్చినవారి మెదడులో కూడా ఈ మార్పు కనిపించింది. 2017లో ఉత్తర ప్రదేశ్ గ్రామాలలోని నిరక్షరాస్యులకు ఆరు నెలలపాటు దేవనాగరి లిపి నేర్పిన మరొక పరిశోధన, చూపుకు సంబంధించిన లోతైన మెదడు భాగాలలో కూడా మార్పులు వచ్చినట్లు తెలిపింది. వయోజన విద్య కేంద్రాలలో పలక పట్టినవారికి ఇది ఆశ కలిగించే విషయం.

తెలుగు లిపికి ఈ చరిత్రలో ఇటీవల ఒక చోటు లభించింది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2019లో తెలుగు మాత్రమే చదువగలవారిని, మలయాళం మాత్రమే చదువగలవారిని ఎన్నుకొని, రెండు లిపుల అక్షరాలనూ ఇరువురికీ చూపి పరీక్షించారు. ఒకరికి అక్షరమైనది మరొకరికి కేవలం గీతల బొమ్మ కనుక పోల్చటానికి ఇది అనువైన ఏర్పాటు. తాము చదువగల లిపిలో అక్షరాల మధ్య భేదాన్ని వారు త్వరగా గుర్తించారు. జంటగా వచ్చిన అక్షరాలు ఒకదానితో ఒకటి కలగాపులగం కావటం కూడా తగ్గింది. అంటే చదువు వచ్చినవారి మెదడు పదాన్ని విడదీయరాని బొమ్మగా కాక, విడివిడి అక్షరాల కూర్పుగా మరింత స్పష్టంగా గ్రహిస్తుందన్నమాట. ఈ ప్రభావం వస్తువుల రూపాలను గ్రహించే దృష్టి ప్రాంతంలోనే కనిపించింది.

సి అనే రోగి 1887లో కోల్పోయినది సరిగ్గా ఈ శక్తినే. అతనికి గీతలు మిగిలాయి, అక్షరాలు పోయాయి. ఆ భేదాన్ని నాలుగేళ్ళపాటు ఓపికగా పరీక్షించి, వ్రాసిపెట్టి, చివరకు మెదడులో దాని జాడను చూపిన వైద్యునిగా దెజెరీన్ గుర్తుండిపోయాడు.